ప్రేమలేఖ నుంచి శుభలేఖ దాకా

కిందటి మాఘమాసంలో ఆమదాలవలస నుంచి నా పూర్వవిద్యార్థి ఒకతను నన్ను చూడవచ్చాడు. ఇరవై ఏళ్లుగా డి.టి.పి. కొట్టు నడుపుతున్నాడు. శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, దరఖాస్తులు, అచ్చుకు పోయే అక్షరం ఏదైనా సరే అతని చేతిమీదుగా పోవలసిందే. కుశలప్రశ్నలయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. "కొట్లో రెండు కంప్యూటర్లూ పాడైపోనాయి మాస్టారూ. పెన్‌డ్రైవు పెడితే చాలు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోతన్నాయి. ఇంతకీ ఏ యాంటీవైరసు ఎయ్యమంతారు?"

సంధులూ సమాసాలూ చెప్పుకొని బతికిన తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది. కానీ అతను నన్నే అడగడానికి కారణముంది. 2001లో నా పదకోశం పోయిన రోజున నా పక్కనే నిలబడి చూసిన పదో తరగతి కుర్రవాడు ఇతనే.

ఆ కథ ముందు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాగావళికీ వంశధారకూ నడుమనున్న పల్లెల్లో వినబడే మాటలను చీటీల మీద రాసి పెట్టుకోవడం నాకు అలవాటైంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లాలో పండితుడినై ఉండి, ఆ పని చేయకపోతే ఎట్లా అన్న పట్టుదల అది. బుగత, కంబారి వంటి పేరున్న మాటలు సరే, అవి నిఘంటువుల వారి కంటపడతాయి. పడనివే వందలున్నాయి. ఏతం ఎక్కేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, మంత్రసానులు, నాగళ్లు చెక్కేవాళ్లు, ఎవరి పనిముట్టు మాటలు వారివి. చీటీలకు చెద పట్టడం మొదలయ్యాక, బడికి వచ్చిన కంప్యూటరులో సాయంత్రాలు కూర్చుని వాటిని ఎక్కించాను. మనకింకా యూనికోడు అందని రోజులు. ఏదో ఒక తెలుగు ఫాంటు వేసి వర్డ్ పత్రాలుగా భద్రపరచాను. పదిహేడు పత్రాలు.

పట్నంలోని ఒక కొట్టు నుంచి త్రైమాసిక పరీక్షల ప్రశ్నపత్రం ఫ్లాపీలో వచ్చింది. తెరిచాను, అచ్చు తీశాను, మూసేశాను. నాలుగు రోజులకు నా పత్రాలన్నీ వింతగా ప్రవర్తించసాగాయి. ఎవరో ఇచ్చిన సీడీలోంచి ఒక యాంటీవైరసు ఎక్కించి నడిపాను. అది నా పదిహేడు పత్రాలకూ రోగముందని తేల్చి, ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసి, కింద మూడు మీటలు చూపించింది. ఒకటి శుభ్రం చేయడానికి, ఒకటి తొలగించడానికి, ఒకటి వదిలేయడానికి. నేను తొలగించమన్నాను. రోగాన్ని తొలగిస్తుందనుకున్నాను. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాడి కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

గమనించండి, నా మాటలను వైరసు తినలేదు. దానికి నా పదాలతో పనిలేదు, నా పత్రాన్ని వాహనంగా వాడుకుంది, అంతే. తిన్నది రక్షకుడు. ఆనాటి నుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. అందుకే మా శిష్యుడి ఏకవాక్య ప్రశ్నకు నా దగ్గర ఏకవాక్య సమాధానం లేకపోయింది.

పత్రాన్ని అనుమానించడం మనకు కొత్త కాదు. శ్రీముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరమని గిడుగువారు శాసనాల సాయంతో చూపిన సంగతి మిత్రులకు తెలిసినదే. ఆ గాంగరాజుల తామ్రశాసనాలకు రేకులను కూర్చే కడియమూ, కడియం మీద నందిముద్రా ఉంటాయి. ముద్ర ఎందుకంటే కూటశాసనాలు పుట్టించే ఘనులు ఆనాడూ ఉన్నారు గనుక. దొంగశాసనం సృష్టించినవాడికి మనుస్మృతి మరణదండన చెప్పింది. అయినా తామ్రపత్రం ఎంత దొంగదైనా అబద్ధం చెప్పగలదే గానీ, చదువుతున్నవాడి పెట్టె తాళం తీయలేదు. మోసపోవాలంటే మనిషి దానిని నమ్మాలి. నమ్మినా నమ్మకపోయినా తెరిచినంత మాత్రానే పనిచేసే పత్రం మన తరంలోనే పుట్టింది.

దాని జన్మసంవత్సరం 1995. అప్పటిదాకా వైరసులంటే ప్రోగ్రాముల్లోనో, ఫ్లాపీ మొదటి భాగంలోనో దాగేవి. ఉత్తరాలకూ వ్యాసాలకూ భయం లేదని నిపుణులే అభయమిచ్చేవారు. మైక్రోసాఫ్ట్ వారు తమ వర్డ్‌లో మాక్రో అనే సదుపాయం పెట్టారు. పత్రం లోపలే ఆజ్ఞల వరుస ఒకటి దాచి, పత్రం తెరవగానే దానంతట అదే నడిచేట్టు చేయవచ్చు. గుమాస్తాల శ్రమ తగ్గించే మంచి ఉద్దేశంతో చేసిన పనే. కావ్యం నడుమ ఎక్కడో "దీనిని చదువువాడు లేచి వీధి తలుపు తీయవలెను" అని రాసి ఉంటే, చదువుతున్న మనం మనకు తెలియకుండానే లేచి తీసినట్టన్నమాట. ఆ ఏడాది కాన్సెప్ట్ అనే మాక్రో వైరసు బయలుదేరి, తెరిచిన కంప్యూటరులోని మూస పత్రంలో చేరి, అక్కడ తయారయ్యే పత్రాలకు పాకింది. చిత్రమేమంటే అది మైక్రోసాఫ్ట్ వారు స్వయంగా పంచిన సీడీలలో కూడా ప్రయాణించింది. పెద్దగా హాని చేయలేదు. హాని చేయవలసిన చోట, నా వాదం నిరూపించడానికి ఇది చాలు అన్న అర్థం వచ్చే ఒక మాట రాసి ఊరుకున్నాడు దాని కర్త. వాదం నిజంగానే నిరూపితమైంది.

1999 మార్చి 26న మెలిస్సా వచ్చింది. వర్డ్ పత్రం తెరిస్తే చాలు, ఆ ఇంటివారి చిరునామాల పుస్తకంలోని మొదటి యాభై మందికి తనను తానే పంపుకొనేది. ఉత్తరం తెలిసినవారి పేరుతో వచ్చేది, ముఖ్యమైన సందేశమనేది. ఇక్కడే అసలు మెలిక. అంతవరకు మనకు పెద్దలు చెప్పిన జాగ్రత్త, అపరిచితుల నుంచి వచ్చినవి తెరవకు అని. మెలిస్సాతో ఆ సూత్రం చెల్లకుండా పోయింది. ప్రమాదం స్నేహితుడి చేతివ్రాతతో రావడం మొదలైంది. దానిని రాసిన డేవిడ్ స్మిత్ అమెరికాలో ఇరవై నెలల శిక్ష అనుభవించాడు.

మరుసటి ఏడాది, 2000 మే 4న, ఫిలిప్పీన్సు నుంచి బయలుదేరింది ప్రేమలేఖ. "ఐ లవ్ యూ" అన్న శీర్షికతో ఈ-ఉత్తరం, దానికి తోడు ఒక జతపత్రం. పేరు చివర టీఎక్స్‌టీ అని కనబడేది, అనగా ఉత్త అక్షరాలే, భయం లేదు. కానీ దాని అసలు తోక ఆ తర్వాత ఉంది, వీబీఎస్ అని. విండోస్ మర్యాదకు పోయి ఆ తోకను చూపేది కాదు. నొక్కితే వీబీస్క్రిప్టు అనే భాషలో రాసిన ఆజ్ఞలు నడిచి, బొమ్మల ఫైళ్లను చెరిపి వాటి స్థానంలో తన ప్రతులు పెట్టి, చిరునామాల పుస్తకంలోని అందరికీ మళ్లీ ప్రేమలేఖలు పంపేవి. అందరికీ, యాభై మందికి కాదు! దానిని రాసిన ఒనెల్ డి గుజ్మన్ అనే విద్యార్థిని శిక్షించడానికి ఆనాడు వారి దేశంలో తగిన చట్టమే లేదు. మన సమాచార సాంకేతిక చట్టం కూడా అప్పటికింకా పుట్టలేదు. 2000 జూన్‌లో ఆమోదం పొంది, అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. వైరసు ప్రవేశపెట్టడం తప్పని దాని 43వ సెక్షను చెబుతుంది.

సరే, రక్షకుల సంగతి. పూణేలో కాలిక్యులేటర్లు బాగుచేసే పనితో జీవితం మొదలుపెట్టిన కైలాస్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి 1990లలో క్విక్ హీల్‌ను నిలబెట్టారు. చెన్నైలో కె7 అంతకు కాస్త ముందే, 1991లో మొదలైంది. మన శ్రీకాకుళం, విజయనగరం కొట్లలో అట్టపెట్టెల్లో వేలాడినవి ఎక్కువగా ఇట్లాంటివే. డబ్బు పెట్టలేనివారు ఏవీజీ, అవాస్ట్ వంటి ఉచితాలను దించుకొనేవారు. వీటన్నిటి మూలపద్ధతి ఒక్కటే. ఆర్టీసీ కాంప్లెక్సులో జేబుదొంగల ఫొటోలు అంటించినట్టు, తెలిసిన దొంగల ఆనవాళ్ల జాబితా ఒకటి దగ్గర పెట్టుకొని, వచ్చిన ప్రతివాడి ముఖమూ పోల్చి చూడటం. జాబితాకెక్కిన దొంగ దొరుకుతాడు. ఈ రోజే వృత్తిలో చేరినవాడు దొరకడు. మెలిస్సా అయినా ప్రేమలేఖ అయినా ఊళ్లు తిరిగింది జాబితాకెక్కడానికి ముందున్న ఆ కొద్ది గంటల్లోనే.

స్క్రిప్టుల విషయంలో ఈ పోలిక మరీ కష్టం. స్క్రిప్టు ఉత్త వచనం. అదే ఆజ్ఞను వెయ్యి రకాలుగా రాయవచ్చు. మాటలను ముక్కలు చేసి, తలకిందులు చేసి, అంకెలుగా మార్చి, నడిచే క్షణంలో మళ్లీ అతుక్కొనేట్టు చేయవచ్చు. గూఢచిత్ర పద్యాలు చదివినవారికి ఈ విద్య వింత కాదు. అక్షరాలు కళ్లముందే ఉంటాయి, అర్థం మాత్రం అందదు. 2015లో విండోస్ 10తో పాటు వచ్చిన ఆమ్సీ అనే ఏర్పాటు నాకు బాగా నచ్చింది. స్క్రిప్టు తన ముసుగులన్నీ తానే విప్పుకొని, ఇక నడవబోతున్నదనగా, ఆ విప్పిన పాఠాన్ని యాంటీవైరసుకు చూపిస్తుంది. పదచ్ఛేదమూ అన్వయమూ అయ్యాక తాత్పర్యం పరీక్షించడమన్నమాట. యాంటీవైరసును ఎన్నుకొనేటప్పుడు అది ఈ ఆమ్సీతో కలిసి పనిచేస్తుందా లేదా అన్నది, పెట్టె మీది రంగుల బొమ్మల కన్న ముఖ్యమైన ప్రశ్న. అన్నట్టు మన హైదరాబాదులోని సీడాక్ వారు కూడా విహరిణిలో చేర్చుకొనే జేఎస్‌గార్డ్ అనే పనిముట్టును ఈ దృష్టితోనే తయారుచేశారు. పేజీలో దాగిన దుష్ట జావాస్క్రిప్టును నడవడిని బట్టి పసిగట్టడం దాని పని. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా దానిని పంచారు.

స్క్రిప్టులన్నీ ఆపేస్తే పీడా పోతుంది కదా అనేవారున్నారు. పాతకాపులైన బ్లాగ్మిత్రులకు గుర్తుండే ఉంటుంది, మనం తెలుగు రాసింది లేఖినిలో. ఇంగ్లీషు అక్షరాలను తెలుగు చేసిన ఆ లేఖిని, జావాస్క్రిప్టు కాక మరేమిటి? దానిని ఆపి ఉంటే మనలో సగం మంది మూగవాళ్లమే.

ఇక్కడ మా జిల్లా మాట ఒకటి. 2017 మే 12న వానాక్రై అనే బందిపోటు ప్రపంచాన్ని చుట్టబెట్టి, ఫైళ్లకు తాళాలు వేసి, విడుదలకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని పద్దెనిమిది పోలీసు విభాగాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పటి పత్రికలు రాశాయి. దొంగలను పట్టేవారి ఇంట్లోనే దొంగ! నవ్వడానికి బాగానే ఉంది గానీ, అది ఎవరూ ఏ పత్రమూ తెరవనక్కరలేకుండా విండోస్‌లోని ఒక కన్నం గుండా ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకింది. ఆ కన్నానికి మాటు మైక్రోసాఫ్ట్ వారు మార్చిలోనే ఇచ్చారు. రెండు నెలలు వేసుకోకపోవడమే నేరం. యాంటీవైరసు కన్న ముందు వేయవలసింది ఈ మాట్లు.

మరుసటి ఏడాది మన అక్షరమే ముద్దాయి అయింది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చి పంపితే ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన అప్లికేషను కుప్పకూలేది. వత్తుకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక విభజక సంకేతం ఉండటం, దానిని ఎట్లా గీయాలో ఆపిల్ వారి యంత్రానికి తోచకపోవడం, ఇదీ కారణం. 19వ తేదీన సవరణ విడుదల చేశారు. అందులో వైరసు లేదు, మాక్రో లేదు, స్క్రిప్టు లేదు. జ్ఞానమన్న మాటలోని మొదటి అక్షరం తప్ప ఏమీ లేదు. పత్రం చేసే హాని పత్రంలో కాక, చదివే యంత్రం తెలివితక్కువతనంలో ఉండవచ్చునని నాకు ఆనాడు అర్థమైంది. పేపర్లవారు తెలుగు అక్షరం ఐఫోన్లను చంపుతోందని రాసినప్పుడు మాత్రం కోపం వచ్చింది. పరాయి భాషను చదవడం చేతకాక, నేరం మన అక్షరం మీద వేశారు.

మళ్లీ మాక్రోలకు వద్దాం. కాన్సెప్ట్ వచ్చిన 27 ఏళ్లకు, 2022లో, ఇంటర్నెట్టు నుంచి దిగిన ఆఫీసు పత్రాల్లోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ వారు మొదటి నుంచే నిలిపివేయడం మొదలుపెట్టారు. అంతకు ముందు పైన పసుపు పట్టీ ఒకటి చూపి, అనుమతిస్తావా అని అడిగేవారు. అడిగితే మనిషి ఔననే అంటాడు. ఎమోటెట్ అనే ముఠా ఆ ఒక్క ఔను మీదనే ఏళ్ల తరబడి వ్యాపారం చేసింది. కొత్త ఏర్పాటులో, దిగిన ప్రతి ఫైలుకూ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే ముద్ర ఒకటి కంటికి కనబడకుండా పడుతుంది. ముద్ర ఉంటే మాక్రో నడవదు. నందిముద్ర నాకు మళ్లీ గుర్తుకు వచ్చింది, కాకపోతే ఇది తలకిందుల ముద్ర. ఆ ముద్ర నమ్మమనేది, ఈ ముద్ర నమ్మవద్దంటుంది. దొంగలు ఊరుకోలేదు. వన్‌నోట్ పత్రాలనీ, షార్ట్‌కట్ ఫైళ్లనీ కొత్త వాహనాలు వెతుక్కున్నారు.

ఆ ముద్రకు ఒక లోపముంది, అది డి.టి.పి. కొట్టువాడికే తగిలే లోపం. మామూలు పెన్‌డ్రైవుల అమరికలో ఆ ముద్ర నిలవదు. ఖాతాదారు తన ఇంట్లో దించుకొన్న పత్రాన్ని పెన్‌డ్రైవులో వేసుకొని కొట్టుకు తెచ్చేసరికి ముద్ర రాలిపోయి, ఆ పత్రం సొంతబిడ్డలా లోపలికి వస్తుంది. మళ్లీ పసుపు పట్టీ, మళ్లీ ఔను. రోజుకు నలభై పెన్‌డ్రైవులు దిగే కొట్టు, నలభై ఊళ్ల నీళ్లు కలిసే చెరువు.

మా శిష్యుడు జేబులోంచి తన పెన్‌డ్రైవు తీశాడు. నా కంప్యూటరులో ఉబుంటు గనుక ధైర్యంగా పెట్టి చూశాను. ఫోల్డర్ల పేర్లతో షార్ట్‌కట్లు, వాటి వెనుక దాగిన ఒక చిన్న ఫైలు. వచనంలా తెరిస్తే గజిబిజి అక్షరాల బారులు, తోక మాత్రం వీబీఎస్. 2000 నాటి ప్రేమలేఖ రాసిన భాషే! ఆ భాషకు మంగళం పాడుతున్నామని మైక్రోసాఫ్ట్ వారు 2023 అక్టోబరులో ప్రకటించారు, కానీ ముసలి యంత్రాల్లో అది ఇంకా బతికే ఉంది.

"యాంటీవైరసు లేదా నీ దగ్గర?" అన్నాను. ఉందట. ఆపేశాడట. పేజీలు కూర్చే సాఫ్టువేరు కొననిది, ఎవరో పగలగొట్టి ఇచ్చినది. దానిని ఎక్కించేటప్పుడు యాంటీవైరసు ఆపమని ఇచ్చినవాడే చెప్పాడట. మళ్లీ పెట్టడం మరిచిపోయాడు. నేను కోప్పడలేదు. ఆ సాఫ్టువేరు ఖరీదు, అతని నెల సంపాదన నాకు తెలుసు. అయినా కావలివాణ్ణి పొమ్మని చెప్పి దొంగను పిలవమన్నవాడి మాట విన్నావురా అని మాత్రం అన్నాను.

నేను చెప్పింది ఇది. కొత్త విండోస్ యంత్రంలో దానితోపాటే వచ్చే డిఫెండర్ చాలు. 2012లో విండోస్ 8 నాటి నుంచి అది లోపలే ఉంది, ఆమ్సీతో కలిసి పనిచేస్తుంది. డబ్బు పెట్టి కొంటానంటే ఒక్కటే కొను, రెండు వేస్తే ఒకదానినొకటి దొంగనుకొని కాట్లాడుకుంటాయి. అది పత్రాన్ని చెరపకుండా విడిగా బంధించి ఉంచే పద్ధతిలో ఉందో లేదో మొదటి రోజే చూడు. ఆ ఒక్క మాట 2001లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే! ఖాతాదారుల పత్రాలు తెరవడానికి ఒక పాత కంప్యూటరు విడిగా పెట్టు, అందులో లిబ్రే ఆఫీసు వెయ్యి, మాక్రోలు అడిగితే వద్దను. నీ సొంత పని వారానికొకసారి వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టు. తగిలించి ఉంచితే తాళాలు వేసే దొంగ దానికీ వేస్తాడు.

అంతా విని, "కొట్టు సంగతి సరే మాస్టారూ, శుభలేఖలకే భయపడతన్నారు జనం" అన్నాడు. నిజమే. 2024 చివరలో పెళ్లి ఆహ్వానమంటూ వాట్సాపులో ఏపీకే తోక ఉన్న ఫైళ్లు తిరిగి, నొక్కినవారి ఫోన్లు పరాయివారి వశమవుతున్నాయని పోలీసులు హెచ్చరికలు ఇచ్చారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత అదే ఎత్తు, పేరు మీద ప్రేమ, తోకలో విషం. మావాడు పంపిన అసలు శుభలేఖను కూడా పెళ్లికొడుకు మేనమామ తెరవకుండా చెరిపేశాడట. ఇప్పుడు శుభలేఖలను ఉత్త బొమ్మగానే పంపుతున్నాడు, ముందుగా ఫోను చేసి చెప్పి మరీ.

అతను వెళ్లాక నా చీటీల పెట్టె తీశాను. చెదలు వదిలిన వాటిని ఇప్పుడు ఉత్త యూనికోడు వచనంగా, మాక్రోలకూ హంగులకూ చోటు లేని ఫైళ్లలో ఎక్కిస్తున్నాను. మూడు ప్రతులు, ఒకటి మా అమ్మాయి దగ్గర విజయనగరంలో. మొన్నటికి నాలుగు వందల చిల్లర అయ్యాయి. ఏతం మాను వెనుక చివర బరువుకు కట్టే రాయికి వంశధార ఒడ్డున నరసన్నపేట వైపు ఊళ్లలో ఒక పేరుండేది. చెప్పిన ముసలాయన ముఖం గుర్తుంది, కూర్చున్న అరుగు గుర్తుంది, మాట గుర్తు రావడం లేదు. మీ ఇళ్లల్లో పెద్దవారెవరికైనా తెలిస్తే అడిగి రాయండి. జతపత్రం పెట్టనక్కరలేదు, ఉత్తరంలోనే రాయండి.